గోడ మీద పెద్దల ఇల్లు

పాత సవర ఇంట్లోకి వెళ్ళాలంటే తల వంచాలి. చూరు అంత కిందికి ఉంటుంది. గోడలకు కిటికీలు ఉండవు. లోపల పొయ్యి, పొయ్యి మీద అటక, పక్కన గింజల బుట్టలు, వేలాడే ఆనపబుర్రలు. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక లోపలి గోడ మీద ఎర్రమట్టి పూత, ఆ పూత మీద తెల్లని గీతలు కనిపిస్తాయి. నాలుగు పక్కలా గీతలతో కట్టిన ఒక చట్రం ఉంటుంది. చట్రం లోపల వరసలు వరసలుగా మనుషులు, గుర్రాలు, ఏనుగులు, కోతులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు ఉంటారు.

మన వైపు దీన్ని ఎడిసింగ్ అంటారు. సవర మాటలో సింగ్ అంటే ఇల్లు. కొండలకు అవతల, ఒడిశా వైపు, ఇడితాల్ అనీ ఇత్తాల్ అనీ పేర్లు ఉన్నాయి. అందులో మొదటి భాగానికి గీయడం, రాయడం అనీ, రెండో భాగానికి గోడ అనీ అర్థం చెబుతారు. గోడ మీది రాత అన్నమాట. బొమ్మ గీయడానికీ అక్షరం రాయడానికీ మన భాషలో ఒకే మాట ఉండడం చరిత్ర చదివేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

బయటివాళ్ళు దీన్ని ముగ్గు అనుకుంటారు, గోడకు అలంకారం అనుకుంటారు. సవర కుటుంబానికి ఇది పెద్దలు వచ్చి కూర్చునే చోటు. మైదానంలో ప్రతి ఇంట్లో దేవుడి గూడు ఉన్నట్టే మన ఇంట్లో ఈ గోడ ఉంటుంది. అయితే దేవుడి గూట్లో ఉండే పటాలు ఊరంతటికీ ఒకటే. ఈ గోడ మీద ఉండేది ఆ ఇంటి తాత, ఆ ఇంటి మామ్మ, ఆ ఇంట్లో జ్వరంతో పోయిన పిల్లవాడు. అందుకే ఒక ఇంటి గోడ ఇంకో ఇంటికి పనికిరాదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఎడిసింగ్ ఆ ఇంటి చరిత్ర పుస్తకం. ఈరోజు ఆ పుస్తకం అట్ట మాత్రం దేశమంతా తిరుగుతోంది. లోపలి పేజీలు మన కళ్ళ ముందే చెరిగిపోతున్నాయి.

గోడ ఎలా సిద్ధమవుతుంది

ఎడిసింగ్ ఊరికే వెయ్యరు. దానికి ఒక కారణం రావాలి. ఇంట్లో ఎవరికో జబ్బు చేసి తగ్గదు. చనిపోయిన పెద్ద కలలోకి వచ్చి, తనకు చోటు లేదంటాడు. పంట దిగుబడి పడిపోతుంది. కానుపు కష్టమవుతుందని భయం. కొత్తల పండుగ దగ్గర పడుతుంది. ఇలాంటప్పుడు కుటుంబం కుడాన్‌ను పిలుస్తుంది. కుడాన్ మగవాడు కావచ్చు, ఆడమనిషి కావచ్చు. ఆడమనిషి అయితే కుడన్‌బోయ్ అంటారు. చనిపోయినవాళ్ళతో మాట్లాడే పెద్ద పనుల్లో ఆడవాళ్ళకే ఎక్కువ పేరు. ఏ సోనుం అడుగుతున్నదీ, ఏం కావాలంటున్నదీ కుడాన్ తెలుసుకుని చెబుతారు. సోనుం అంటే కంటికి కనపడని శక్తి. చనిపోయిన పెద్దలూ సోనుంలే, కొండలోనూ నీళ్ళలోనూ ఉండేవీ సోనుంలే.

తర్వాత గోడ శుభ్రం చేసి ఎర్రమట్టి నీళ్ళతో అలుకుతారు. బియ్యం నానబెట్టి నూరిన పిండి తెలుపుకు, పొయ్యి మసి నలుపుకు. కుంచె అంటే చివర నమిలి చితక్కొట్టిన పుల్ల. బొమ్మ వేసే మనిషి కుడానే కావచ్చు, చెయ్యి తిరిగిన ఇంకొకరు కావచ్చు. ఇది ఒక కులానికో ఒక వంశానికో కట్టిన పని కాదు. ముందు చట్రం గీస్తారు. ఆ చట్రమే ఇల్లు. ఆ ఇంట్లో సోనుంకు కావలసినవన్నీ ఒక్కొక్కటిగా చేరుస్తారు. ఎక్కడానికి గుర్రం, వెంట నడవడానికి మనుషులు, నీడకు చెట్టు, తల దువ్వుకోవడానికి దువ్వెన.

బొమ్మ పూర్తయ్యాక అసలు పని మొదలవుతుంది. గోడ కింద బియ్యం పోసిన బుట్ట, దీపం, కల్లు పెడతారు. కుడాన్ కూర్చుని పేరు పేరునా పెద్దలను పిలుస్తారు. వచ్చి చూసుకోండి, మీ ఇల్లు సిద్ధంగా ఉంది అంటారు. వచ్చిన సోనుం కుడాన్ నోటితో మాట్లాడుతుంది. ఒక్కోసారి బాగుందంటుంది. ఒక్కోసారి అది లేదు, ఇది సరిగా లేదు అని తప్పు పడుతుంది. అప్పుడు బొమ్మ వేసే మనిషి మళ్ళీ పుల్ల ముంచి, అడిగింది చేరుస్తాడు. సోనుం ఒప్పుకుంటేనే అది ఎడిసింగ్. అప్పటిదాకా అది గోడ మీద పిండి గీత.

ఈ వరసలో ఒక సంగతి గమనించండి. బొమ్మకు యజమాని దాన్ని వేసినవాడు కాడు, డబ్బు పెట్టిన ఇంటాయన కూడా కాడు. ఎవరి కోసం వేశారో ఆ పెద్దే యజమాని. బాగుందో లేదో చెప్పేదీ ఆ పెద్దే.

చనిపోయినవాళ్ళతో మాట

పియర్స్ విటెబ్‌స్కీ అనే పరిశోధకుడు 1970ల నుంచి ఒడిశా వైపు సవర గ్రామాల్లో ఉండి మన భాష నేర్చుకున్నాడు. చనిపోయినవాళ్ళతో సవరలు జరిపే సంభాషణ మీద 1993లో ఒక పుస్తకం ప్రచురించాడు. అతను అర్థం చేసుకున్నది మన పెద్దలకు ముందే తెలుసు. చావుతో మాట ఆగిపోదు. కుడాన్ నోటి ద్వారా చనిపోయినవాళ్ళు మాట్లాడతారు, బతికున్నవాళ్ళు జవాబు చెబుతారు. కోపం తీర్చుకుంటారు, ఏడుస్తారు, వాదిస్తారు, అప్పులూ పంపకాలూ కూడా అక్కడే తేలతాయి. కొత్తగా పోయినవాళ్ళు మొదట్లో బాధతో ఉంటారు, తాము పోయిన జబ్బునే ఇంట్లో వాళ్ళకు తగిలిస్తారు. మాట సాగే కొద్దీ, చోటు దొరికే కొద్దీ, నెమ్మదిస్తారు. తర్వాత కాపుకాసే పెద్దలవుతారు. వాళ్ళ పేరు ఆ ఇంట్లో పుట్టిన బిడ్డకు వస్తుంది. ఎప్పటికో ఒకప్పుడు సీతాకోకచిలుకలైపోతారని నమ్మకం.

ఈ నమ్మకాన్ని మీరు నమ్మాలని నేను అనడం లేదు. చరిత్ర చెప్పే మనిషిగా నేను చూసేది వేరు. ఒక ఇంట్లో ఎవరు, ఏ జబ్బుతో, ఎవరితో గొడవ పడి, ఏ బాకీ మిగిల్చి పోయారో ఆ ఇంటి పిల్లలు వింటూ పెరిగారు. పెద్దలను పిలిచేటప్పుడు పేర్లు వరసగా రావాలి. వరస తప్పితే రానివాళ్ళకు కోపం. కాబట్టి వంశావళి జ్ఞాపకం ఉండక తప్పదు. రాత లేని కాలంలో మూడు నాలుగు తరాల పేర్లు నిలిచాయంటే ఈ పిలుపే కారణం.

రాయి బయట, రాత లోపల

మన తెగల్లో పెద్దలను కొలిచే పద్ధతి అంతటా ఒకేలా ఉండదు. ఆదిలాబాద్ గోండులకు ఇంటిపేర్లు, గోత్రాలు గట్టివి. వాళ్ళ పెర్సాపేన్ గోత్రమంతటికీ దేవుడు. కేస్లాపూర్ నాగోబా దగ్గరికి పుష్య అమావాస్యకు మెస్రం వంశం వాళ్ళందరూ చేరతారు. కోయల్లో ఇలవేల్పులు గోత్రాలవి. పడిగె గుడ్డ పట్టి డోలి కోయలు ఆ గోత్రం కథ పాడతారు. అంటే అక్కడ చరిత్ర గోత్రం చేతిలో ఉంది. దాన్ని దాచేవాళ్ళు, పాడేవాళ్ళు ప్రత్యేకంగా ఉన్నారు.

సవరల్లో అలాంటి గోత్రాల కట్టు లేదని మనల్ని చూసి రాసినవాళ్ళందరూ చెప్పారు. మనకు ఉన్నది బిరిండా, ఒక తాత సంతానమంతా కలిసిన కుటుంబం. బిరిండాలో పెళ్ళిళ్ళు చేసుకోరు. మనిషి పోయాక దహనం చేసి, తర్వాత గువార్ జరుపుతారు. గువార్‌లో పోయినవాళ్ళ పేరు మీద ఒక రాయి నిలబెడతారు. ఆ రాళ్ళ గుంపు ఊరి బయట బిరిండా మొత్తానిది. ఇంటి లోపలి గోడ మాత్రం ఒక్క ఇంటిది. బయట రాయి, లోపల రాత. రెండూ కలిస్తేనే మనిషి వివరం పూర్తి. రాయి మీద పేరు ఉండదు. ఆ పేరు పలికేది గోడ దగ్గర.

ఈ తేడా ఎంత పెద్దదో బడి రిజిస్టర్ తెరిస్తే తెలుస్తుంది. మన వైపు ఏ గూడ పిల్లల పేర్లు చూసినా ఇంటిపేరు కాలమ్‌లో 'సవర', 'సవర', 'సవర' అని వరసగా ఉంటుంది. ఇంటిపేరు అడిగిన ఉద్యోగికి మనవాళ్ళు తెగ పేరు చెప్పారు, అదే స్థిరపడిపోయింది. కాగితంలో మనమందరం ఒకే ఇల్లు. ఏ ఇల్లు ఏదో, ఏ తాత మనవడు ఎవరో చెప్పగలిగింది కాగితం కాదు, ఆ గోడ.

ముఖలింగం నుంచి పూరీ దాకా

మన గురించి ఇతరులు రాసింది చాలా పాతది. ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రులు, పుండ్రులు, పుళిందులతో పాటు శబరుల పేరు వస్తుంది. రామాయణంలో శబరి ఉంది. ఆ పేర్లు మనవేనని గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఇంటి కొలుపు చరిత్రకు ఎక్కువగా పనికొచ్చేవి రెండు స్థల పురాణాలు.

ఒకటి శ్రీముఖలింగం. వంశధార ఒడ్డున ఉన్న ఆ గుడి తూర్పు గాంగుల కాలం నాటిది. అక్కడి స్వామి మధుకేశ్వరుడు. మధుకం అంటే ఇప్పచెట్టు. ఒక సవర పెద్దకు ఇద్దరు భార్యలనీ, వాళ్ళ మధ్య ఇప్పచెట్టు పువ్వుల కోసం తగవు వచ్చిందనీ, ఆ చెట్టులోనే శివుడు వెలిశాడనీ కథ చెబుతారు. రెండోది పూరీ. విశ్వావసుడనే శబరుడు అడవిలో ఎవరికీ తెలియకుండా నీలమాధవుణ్ణి కొలుచుకునేవాడు. రాజు పంపిన విద్యాపతి అనే బ్రాహ్మణుడు ఆ శబరుడి కూతురు లలితను పెళ్ళాడి ఆ చోటు తెలుసుకున్నాడు. తర్వాత ఆ దేవుడు రాజు కట్టిన గుడిలో జగన్నాథుడయ్యాడు. పూరీలో దైతాపతులు అనే సేవకులు తాము ఆ శబరుడి వంశం వాళ్ళమని ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్త విగ్రహాలు చేసే నవకళేబరం నాడు వాళ్ళ పని తప్పనిసరి.

ఇవి పురాణాలు. వీటిని తేదీలు ఉన్న చరిత్రగా నేను చెప్పడం లేదు. కానీ రెండు కథల్లోనూ మలుపు ఒకే చోట ఉంది. ఒక సవర ఇంట్లో, ఒక సవర పెరట్లో ఉన్న కొలుపు బయటికి వెళ్ళింది. వెళ్ళాక పెద్దదయింది, పేరు పొందింది, గోపురం కట్టించుకుంది. ఎవరి ఇంట్లో మొదలయిందో ఆ ఇల్లు కథ మొదట్లో మాత్రమే మిగిలింది. ఈ మలుపును గుర్తుంచుకుని ముందుకు వెళ్దాం. ఇది మళ్ళీ వస్తుంది.

కాగితం మీదికి వచ్చిన సవర మాట

మన ఇంటి మాటను మొదట శ్రద్ధగా కాగితం మీద పెట్టినవాడు ఒక బడి పంతులే. శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని బడులు పెట్టించాడు. 1909లో థర్‌స్టన్ ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో సవరల గురించి ఉన్న సమాచారంలో చాలా భాగం ఆయన ఇచ్చిందే. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. మాట్లాడే తెలుగే రాయాలని పోరాడిన మనిషిగా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగా జరుపుకుంటున్నాం. బడుల్లో ఆ రోజు పద్యాలు చదివిస్తాం. ఆయన మాట్లాడే భాష విలువ గ్రహించడంలో సవర గూడల పాత్ర ఎంత ఉందో కూడా ఆ రోజే చెప్పాలి.

గోడను ఓపికగా చూసినవాడు వెరియర్ ఎల్విన్. 1940ల్లో గంజాం, కోరాపుట్ కొండల్లో తిరిగి చూసిన వాటిని 1951లో మధ్య భారత గిరిజన కళ మీద, 1955లో సవరల మతం మీద వచ్చిన పుస్తకాల్లో రాశాడు. బొమ్మ ఎందుకు వేశారు, ఎవరి కోసం వేశారు అని ఇల్లిల్లూ అడిగాడు. అతను నమోదు చేసిన బొమ్మల్లో ఏనుగులు, నెమళ్ళే కాదు, రైలు, మోటారు, విమానం, తుపాకీ కూడా ఉన్నాయి. ఊరికి వచ్చే అధికారుల వల్ల జబ్బులు రాకుండా, టోపీ పెట్టిన సాహిబోసుం బొమ్మలను చెక్కతో చేసి ఊరి బయట నిలబెట్టేవాళ్ళని కూడా రాశాడు.

సవర కళలో మార్పు లేదు, వేల ఏళ్ళుగా అలాగే ఉంది అని చెప్పేవాళ్ళకు ఈ రైలూ విమానమే జవాబు. కొండ మీద ఉన్న మనవాళ్ళు కింద జరిగేదంతా చూశారు. కొత్తది ఏది వచ్చినా, అది గొప్పదనుకుంటే, తమ పెద్దలకు కూడా ఉండాలనుకున్నారు. బతికుండగా రైలెక్కని తాతకు గోడ మీద రైలు గీసి ఇచ్చారు. ఆ ప్రేమ కూడా చరిత్రే.

1936: ఒక గీత, ఒక లిపి

ఆ ఏడాది సవరలకు రెండు రకాలుగా ముఖ్యమైనది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. అప్పటిదాకా మద్రాసు రాజధానిలోనే ఉన్న మన కొండలు రెండుగా విడిపోయాయి. పర్లాకిమిడి, గుణుపురం అటు వెళ్ళాయి. సీతంపేట, భామిని, కురుపాం ఇటు మిగిలాయి. రామమూర్తి పంతులు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఒకే బిరిండాలో అన్న పిల్లలు ఒడియాలో చదివారు, తమ్ముడి పిల్లలు తెలుగులో చదివారు. తాత మాత్రం ఒక్కడే.

అదే ఏడాది జూన్‌లో, సరిహద్దుకు అటువైపు, మంగయి గొమాంగో అనే సవర పెద్ద సవర భాషకు సొంత లిపి ఇచ్చాడు. దాని పేరు సొరంగ్ సొంపెంగ్. 24 అక్షరాలు. ఆ అక్షరాలను సోనుంల పేర్లతో జోడించాడు. మారిచగుడలో ఆ లిపికే గుడి వెలిసింది. అక్షరాలనే అక్షరబ్రహ్మగా కొలుస్తారు. 2012లో ఈ లిపి కంప్యూటర్ల యూనికోడ్‌లో కూడా చేరింది.

దీన్ని గోడతో కలిపి చూడండి. గోడ మీద గీతలుగా ఉన్న సోనుంలు అక్షరాలయ్యాయి. రాయడమూ గీయడమూ ఒకే మాటగా ఉన్న భాషలో ఇది ఎంత సహజమో మనకు తెలుస్తుంది. చదువు వేరు, కొలుపు వేరు అని బడిలో నేర్పుతాం. మంగయి గొమాంగో ఆ రెంటినీ ఒకటి చేశాడు. ఇటువైపు మాత్రం ఆ లిపి మన బడులకు రాలేదు. 2004లో మన రాష్ట్రంలో 8 గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టినప్పుడు సవర పుస్తకాలు తెలుగు అక్షరాలతో వచ్చాయి. పిల్లవాడు తన భాషను బడి పుస్తకంలో చూసుకున్నాడు, అది మేలే. ఆ పుస్తకంలో తన ఇంటి గోడకు కూడా చోటు ఉండాలి.

గోడ ఎందుకు ఖాళీ అయింది

దీనికి ఒక్క కారణం చెప్పి ఎవరినో దోషిని చెయ్యడం తేలిక. కానీ జరిగింది అలా లేదు.

మొదటిది ఇల్లు మారింది. మట్టిగోడ, గడ్డి కప్పు పోయి సిమెంటు గోడ, స్లాబు వచ్చాయి. వాన కారని ఇల్లు, పాము దూరని ఇల్లు అందరికీ కావాలి. ఆ ఇల్లు వద్దనే హక్కు మనకు లేదు. కానీ ఎర్రమట్టి అలికే గోడకు, సున్నం కొట్టిన గోడకు తేడా ఉంది. పొయ్యి వంటింట్లోకి వెళ్ళింది. లోపలి చీకటి గోడ వెలుగు గదిలో గోడ అయింది. అక్కడ క్యాలెండర్, టీవీ చేరాయి.

రెండోది మతం. చాలా గూడల్లో యువకులు క్రైస్తవంలోకి వెళ్ళారు. కొన్ని గూడల్లో భజన మండళ్ళు వచ్చాయి. విటెబ్‌స్కీ 2017లో రాసిన రెండో పుస్తకం ఈ మార్పు గురించే. తల్లిదండ్రులు కుడాన్ దగ్గర కూర్చుని ఏడ్చిన చోట పిల్లలు చర్చిలో ప్రార్థన చేస్తున్నారు. చదువు, వైద్యం, బలుల ఖర్చు నుంచి విడుదల, అప్పుల భయం తగ్గడం, ఇవన్నీ ఆ మార్పులో ఉన్నాయి. ఒక పెద్ద పేరు మీద గువార్ చెయ్యాలంటే దున్న కావాలి, దున్న కావాలంటే షావుకారు దగ్గరికి వెళ్ళాలి. ఆ బరువు మోసినవాళ్ళకే తెలుసు. ఎవరి నమ్మకం వాళ్ళది. దాన్ని ఈ వ్యాసం ప్రశ్నించడం లేదు.

మూడోది మనం, అంటే బడి. ఆరేడేళ్ళ పిల్లవాణ్ణి ఆశ్రమ పాఠశాలలో చేర్చుకుంటాం. సెలవులకు ఇంటికి పంపుతాం. కంది కొత్త, మామిడి కొత్త పండుగలు ఆ సెలవుల్లో రావు. పెద్దలను పేరు పేరునా పిలిచే రాత్రి ఆ పిల్లవాడు హాస్టల్లో ఎక్కాలు చదువుతుంటాడు. అతనికి ఎక్కాలు రావాలి. కానీ ఆ రాత్రి విననందుకు అతనికి తన ముత్తాత పేరు రాదు. ఈ నష్టాన్ని ఏ పరీక్షా కొలవదు.

గుడ్డ మీదికి దిగిన గోడ

గోడ ఖాళీ అవుతున్న కాలంలోనే బొమ్మకు గిరాకీ పెరిగింది. ఎడిసింగ్ ఇప్పుడు గుడ్డ మీద, కాగితం మీద, చీర అంచు మీద, టీ కప్పు మీద ఉంది. ప్రభుత్వ భవనాల గోడల మీద, రైల్వే స్టేషన్లలో కనిపిస్తోంది. ఒడిశాలో లాంజియా సౌరా చిత్రానికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండు త్రికోణాలు కలిపిన మనిషి బొమ్మ చూసి చాలామంది దీన్ని మహారాష్ట్ర వార్లీ బొమ్మ అనుకుంటారు. ఆ గుర్తింపు వల్ల ఇది సవరలదని చెప్పుకునే ఆధారం దొరికింది.

బొమ్మ అమ్మి ఇల్లు నడిపే సవర యువతీ యువకులు ఉన్నారు. పోడు తగ్గి, జీడితోటల రేటు నిలకడ లేని రోజుల్లో ఆ ఆదాయం చిన్నది కాదు. వాళ్ళను తప్పుపట్టడం అన్యాయం. తమ చేతి పనికి తమ పేరు, సరైన ధర వాళ్ళకు దక్కాలి.

నేను అడిగేది ఇంకొకటి. గుడ్డ మీది బొమ్మలో చట్రం ఉంది, గుర్రం ఉంది, చెట్టు ఉంది. ఎవరి ఇల్లు అది? ఆ గుర్రం ఎవరి కోసం? కొన్నవాళ్ళకు తెలియదు. కొన్నాళ్ళకు వేసినవాళ్ళకూ తెలియకపోవచ్చు. పాత పద్ధతిలో బొమ్మను చూసి బాగుందో లేదో చెప్పేది పోయిన పెద్ద. ఇప్పుడు ఆ మాట కొనేవాడిది అయింది. రంగు పెంచమంటాడు, నాట్యం చేసేవాళ్ళను ఎక్కువ వెయ్యమంటాడు, చావు సంగతులు వద్దంటాడు. ముఖలింగం కథలో, పూరీ కథలో చూసిన మలుపు ఇదే. కొలుపు ఇల్లు దాటి పెద్దదవుతోంది. ఇల్లు కథ మొదట్లోకి వెళ్ళిపోతోంది. అయితే ఆ కథల కాలంలో మన చేతిలో రాత లేదు. ఇప్పుడు ఉంది.

మనం చెయ్యగల పని

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకూ, చదువుకున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక పని చెబుతున్నాను. దీనికి నిధులు అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, కొన్ని సాయంత్రాలు చాలు.

మీ గూడలో ఎడిసింగ్ ఉన్న ఇల్లు ఉంటే, లేదా ఒకప్పుడు ఉండేదని చెప్పే తాత, మామ్మ ఉంటే, వాళ్ళ దగ్గర కూర్చోండి. బొమ్మ ఎలా ఉందో రాయడం తర్వాత. ముందు ఈ ఐదు అడగండి. ఎవరి కోసం వేశారు? ఆ మనిషి ఎలా పోయారు, ఏం అడిగారు? బొమ్మ ఎవరు వేశారు, కుడాన్ ఎవరు? సోనుం ఏమేం చేర్చమంది? ఆ మనిషి పేరు తర్వాత ఏ బిడ్డకు వచ్చింది? జవాబులు సవరలోనే రాసుకోండి, తెలుగు అక్షరాలు చాలు. కుడాన్ పాటలో ఉన్న మాటలకు తెలుగు వెతికే ముందు సవర మాటను ఉన్నదున్నట్టు రాయండి. ఆ మాట పోతే తెలుగు అర్థం మిగిలినా లాభం లేదు.

సెల్‌ఫోన్ తీసే ముందు ఇంటివాళ్ళను అడగండి. అది వాళ్ళ పెద్దల చోటు. వద్దంటే మానెయ్యండి, రాసుకోవడానికి ఒప్పుకుంటే రాసుకోండి. రాసిన పుస్తకానికి ఒక నకలు తీసి ఆ ఇంట్లోనే ఇవ్వండి. మన గురించి వచ్చిన పుస్తకాలు ఎక్కడో గ్రంథాలయాల్లో ఉన్నాయి, మన గూడల్లో లేవు. మన నోటుబుక్కుకు ఆ గతి పట్టకూడదు.

చర్చికి వెళ్ళే ఇల్లయినా, భజనకు వెళ్ళే ఇల్లయినా ఈ పని చెయ్యవచ్చు. తాత పేరు రాసుకోవడం ఏ మతానికీ విరోధం కాదు. మొక్కడం మానేసినంత మాత్రాన మరిచిపోవాలని లేదు.

బడి గోడల మీద సవర బొమ్మలు వేయించే ఉపాధ్యాయులకు ఒక మాట. పంట కోత, నాట్యం, వేట, ఊరి బొమ్మలు వేయించండి, పిల్లలతోనే వేయించండి. ఒక ఇంటి పెద్ద కోసం కట్టిన చట్రాన్ని మాత్రం ఆ ఇంటివాళ్ళ మాట లేకుండా ఎత్తి రాయకండి. పిల్లలకు ఆ తేడా చెబితే చాలు, వాళ్ళకు చరిత్ర పాఠం సగం చెప్పినట్టే.

తక్కిన తెగల మిత్రులు కూడా తమ ఇళ్ళలో చూసుకోవాలి. ఏ మూల దీపం పెడతారు, ఏ దూలానికి ఏం కట్టారు, ఏ కుండను ఎవరూ ముట్టుకోరు, ఎందుకు? ప్రతి ఇంట్లో ఇలాంటి ఒక చోటు ఉంటుంది. దాని వెనక పేర్లు ఉంటాయి. మన చరిత్రను రాజులతో, తిరుగుబాట్లతో మొదలుపెట్టడం అలవాటయింది. అవి రాయాలి. కానీ ఆ తిరుగుబాట్లలో నడిచినవాళ్ళు తమ పేరు పిలిచే ఒక గోడ దగ్గర నుంచే బయల్దేరారు. రిజిస్టర్‌లో అందరం 'సవర' అయిపోయిన చోట, ఈ వేసవి సెలవుల్లో ప్రతి విద్యార్థీ తన ఇంటి నాలుగు తరాల పేర్లు రాసుకుని బడికి రావాలి. ఆ పేర్లు చెప్పగలిగిన ముసలివాళ్ళు గూడకు ఒకరో ఇద్దరో మిగిలారు.